వీల్‌స్పానరుతో పగలగొట్టిన పట్టీ

నేను ప్రొద్దుటూరులో పాలిటెక్నిక్ అధ్యాపకుడిని. వరదల కాలంలో అత్యవసర సంచిలో పెట్టుకోవడానికి వేయించిన వేరుశనగపప్పు, కొర్రపిండి, బెల్లంతో ఇంట్లోనే పట్టీలు చేశాను. తేమ మిగిలితే నిల్వ ఉండవని పాకాన్ని బాగా ముదరనిచ్చాను. నా భార్య ఒకటి కొరకబోయి ఆగింది.

"ఏందిది, తినేదానికా, గోడ కట్టేదానికా?" అంది.

మూడు నెలలు చెడవని గర్వంగా చెప్పాను.

ఆ వారమే జమ్మలమడుగు నుంచి వస్తుండగా, రోడ్డు మీదికి వంక పొంగి మా బస్సు ఆగిపోయింది. రెండు గంటలు గడిచాయి. పక్క సీటులోని పెద్దావిడకు చెమటలు పట్టి చేతులు వణకసాగాయి.

"పొద్దున షుగరుకు సూది ఏసుకున్నా నాయనా. ఇంటికి పోయి తిందామని బయలుదేరితి," అంది.

షుగరు పడిపోయిందని అర్థమై, వెంటనే నా సంచిలోంచి పట్టీ తీసి ఇచ్చాను. ఆమెకున్న నాలుగు పళ్లకు అది లొంగలేదు. నేను రెండు చేతులతో విరవబోయినా విరగలేదు. ఆమె మాట తడబడుతుంటే డ్రైవరును కేకేశాను.

డ్రైవరు దాన్ని తువ్వాలులో చుట్టి, ఫుట్‌బోర్డు మీద పెట్టి, వీల్‌స్పానరుతో నాలుగు దెబ్బలు కొట్టాడు. ఆ పొడిని నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాం. పావుగంటకు ఆమె తేరుకుంది.

"రుచి శానా బాగుండాది నాయనా. ఈసారి చేసేటప్పుడు నాలాంటోళ్లను ఒకరిని పక్కన కూర్చోబెట్టుకో," అంది.

ఇప్పుడు లేతపాకంతోనే చేస్తున్నాను. అవి నెలకు మించి నిలవవు. ప్రతి విడతలోనూ మొదటి పట్టీని మా వీధిలోని పళ్లు లేని తాతకు ఇస్తాను. ఆయన నమిలి మింగిన తరువాతే మిగిలినవి సంచిలోకి వెళ్తాయి.