రేసుకారులో రెండో సీటు

యుద్ధం రోజులు. కడప నుంచి పనిమీద వచ్చి, బెజవాడలో ఉయ్యూరు పోయే బస్సెక్కాను; పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే బస్సు. పత్రికలో అమెరికా మ్యూజియంలో పెట్టిన పాత రేసుకారు ఫొటో చూస్తుంటే, తలుపు దగ్గర వేలాడుతున్న నడివయసు క్లీనరు తొంగిచూశాడు.

"రెండో సీటు ఎవరికండీ?"

"మెకానిక్కుకి. వెనకెవరొస్తున్నారో చూసి డ్రైవరుకి చెబుతాడట."

"నేను చేసేదీ అదేనండీ. గెలిస్తే ఎవరి పేరు రాశారు?"

"డ్రైవరుదే."

క్లీనరు తల వెనక్కి తీసుకుని, వెనక రోడ్డుకేసి చూస్తూ వేలాడాడు.

ఆ దారిలో బస్సులు కూడా పందెం వేసుకుంటాయని నాకు తెలియదు. కాసేపటికి వెనకనుంచి వేరే కంపెనీ బస్సు మమ్మల్ని దాటిపోయి, కంకిపాడులో కాచుకున్న జనాన్నంతా ఎక్కించుకుపోయింది.

"వెనక బస్సొస్తుంటే చెప్పవేం?" అని డ్రైవరు అరిచాడు.

"చెబితే మాత్రం, పేరొచ్చేది మీకే కదండీ!"

నేను పత్రిక మెల్లగా మడిచి, దానిమీద కూర్చున్నాను.