తరాజులో తగ్గిన పదమూడు కిలోలు

దయ్యాలున్నాయంటే తూచి చూపించమనే రకం నేను. నమ్మేది మా తరాజు ఒక్కదాన్నే. వరంగల్ మార్కెట్లో మాది బెల్లం దుకాణం. మేడారం జాతర దగ్గర పడితే మనుషులను కూడా తూస్తాం. మొక్కుకున్నవాళ్లు ఒక పళ్లెంలో కూర్చుంటే, రెండోదాంట్లో వాళ్ల ఎత్తు బెల్లం పెడతాం. అమ్మవార్లకు ఇచ్చే నిలువెత్తు బంగారం అదే.

నా పొట్ట పెరిగినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. బెల్లం సేటుకు బొజ్జ ఉండదా! పొట్టకూటికి నేను దుకాణం పెడితే, పొట్ట తనే ఇంకో బ్రాంచి తెరిచిందని జోకులు వేసేవాణ్ని. స్కాన్‌తో జోకులు ఆగాయి. పేగుల వెనకాల కొవ్వులో పుట్టిన గడ్డ అది. చాలా అరుదట. మందులకు లొంగదు, మొత్తం కోసి తీయాల్సిందే, ఎడమ కిడ్నీ కూడా పోవచ్చు, ప్రాణానికి పూచీ లేదు అన్నాడు డాక్టరు.

"అంత పెద్దది కోస్తే బతుకుతవా బావా?" అన్నారు బజార్లో.

"నా అడ్డాల ఈ గడ్డకేం పని? తీయించుడే!" అన్నాను.

నా భార్య పద్మ సమ్మక్కకు మొక్కింది. "నమ్మకపోతే మానె. జర తరాజుల కూసో, చాలు."

ఆపరేషన్‌కు ముందు, పట్టపగలు, అందరూ చూస్తుండగా కూర్చున్నాను. తమ్ముడు రాజేందర్ బెల్లం ముద్దలు పెడుతుంటే, అనుకున్నదానికంటే ముందే పళ్లేలు సమానమయ్యాయి. ఆ బెల్లం పక్కనున్న కరెంటు కాంటా మీద పెడితే డెబ్బై కిలోలు. దవాఖానలో నా బరువు ఎనభై మూడు.

"అన్నా, పదమూడు కిలోలు తక్కువున్నవేందే?"

"నన్నేం జూస్తవురా, తరాజును జూడు!"

ముద్ర వేసిన తూకం రాళ్లతో సరిచూశాం. తరాజు ఒప్పే. రాజేందర్ కూర్చుంటే వాడి బరువు సరిగ్గానే చూపింది. నేను కాంటా మీద నిలబడితే ఎనభై మూడు. మళ్లీ తరాజులో డెబ్బై.

"సమ్మక్క తల్లి గడ్డను అప్పుడే తీసేసింది," అని పద్మ ఏడ్చింది.

"ముందు డాక్టర్ను తియ్యనియ్యి," అన్నాను.

తీశారు. కిడ్నీ పోయింది, నేను మిగిలాను. డాక్టరు గడ్డ బరువు చెప్పగానే రాజేందర్ ఇంకోసారి తూయమన్నాడట. పదమూడు కిలోలు.

ఆ తరాజు తప్పంటే నా దుకాణానికి ఎవరొస్తారు? ఒప్పంటే, మహిమలేం లేవని ఇన్నేళ్లు నేను చెప్పిన మాటకు విలువేది? రెండూ ఒప్పుకోను.

ఇలాంటి గడ్డ మళ్లీ రావచ్చట. అందుకే స్కాన్‌కు పోయే ముందు ప్రతిసారీ పద్మ నన్ను తరాజులో కూర్చోబెడుతుంది. నమ్మకంతో కాదు గానీ, కూర్చుంటాను. ఇప్పటిదాకా తరాజుకూ కాంటాకూ తేడా రాలేదు. వస్తే రానీ, మళ్లీ కోయిస్తా!

కానీ నా కడుపులోనే ఉన్న ఆ పదమూడు కిలోలు ఆరోజు మా తరాజుకు ఎందుకు కనబడలేదో, తూచడమే బతుకైన నాకు ఈనాటికీ తేలలేదు.