లహరి పాటలో రైలు కూత

పక్క అపార్ట్‌మెంట్ లహరి ఇక్కడే అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. కౌబాయ్ బూట్లు వేసుకుని కంట్రీ పాటలు, అంటే ఇక్కడి పల్లె పాటలు, పాడుతుంది. తన బెడ్‌రూమ్‌లోనే రికార్డ్ చేసుకున్న మొదటి ఆల్బమ్ ఈ రోజు విడుదలైంది. సాయంత్రం మా ఇంటికొచ్చి, నన్ను కూర్చోబెట్టి వినిపించింది. ప్రియుడు ఊరు వదిలి వెళ్ళిపోయే పాట దగ్గర నాకు కళ్ళు చెమర్చాయి. అంతలో వెనక నుంచి సన్నగా ఒక కూత వినబడింది. అది ఎక్కడిదో నాకు బాగా తెలుసు.

"లహరీ, అది మా కుక్కర్ కదే?"

"అవును ఆంటీ! తీసేద్దాం అనుకున్నా. బట్ మిక్సింగ్ చేసే అతను అది ట్రైన్ అనుకున్నాడు. సాంగ్‌కి అదే హైలైట్ అన్నాడు. ప్లీజ్, ఎవ్వరికీ చెప్పొద్దు!"

చెప్పనని మాటిచ్చాను. మీరు మాత్రం ఆ పాట విని, రైల్లో ఉడుకుతున్నది కందిపప్పో శనగలో కామెంట్లో చెప్పండి.