మారు తాళంచెవి ఇవ్వని మా అత్త

పోయిన ఆదివారం చర్చి నుంచి వస్తుంటే జమ్మలమడుగు నుంచి ఫోన్. మా మేనత్త పోయింది. నెలల తరబడి మంచంలోనే ఉంది. ఎదురుచూస్తున్న కబురే. బండి అట్నుంచి అటే జమ్మలమడుగు దారి పట్టించాను.

అత్త కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, పాత విద్యార్థులనూ నన్నూ కలుపుకొని ప్రొద్దుటూరులో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టింది. మేం చేసింది ఫోన్లలో సందేశాలు పంపుకునే సాఫ్ట్‌వేర్. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప సందేశాన్ని ఇంకెవరూ చదవలేరు. దాన్ని తెరిచే తాళంచెవి వాళ్ల ఫోన్లలోనే ఉంటుంది, మా దగ్గర కూడా ఉండదు. ఆమె తీరూ అంతే. సొంత ఇంట్లో పిల్లల గదిలోకైనా తలుపు తట్టే పోయేది. "ఎవరి మనసు వాళ్లకుంటాది" అనేది.

భర్తల దెబ్బలకు పారిపోయిన ఆడవాళ్లకు చోటిచ్చే విదేశీ సంస్థ ఒకటి మా సాఫ్ట్‌వేర్ కొంటామంది. ఎగుమతి అనుమతికి పోతే అధికారి మెలిక పెట్టాడు: ఎవరి సందేశాన్నయినా తెరిచే మారు తాళంచెవి ఒకటి ప్రభుత్వం దగ్గర ఉండాలట.

పులివెందులలో పోలీసుగా చేసిన మా నాయనకు అది న్యాయంగానే తోచింది. అత్త వాళ్లింట్లో సంగటి ముందు కూర్చొని వాదానికి దిగాడు.

"అక్కా, ఒక బిడ్డను ఎత్తుకపోయినారనుకో. యాడ దాచినారో ఫోన్లో ఉంది. చదవకుండా చేతులు కట్టుకొని కూచోమంటావా?"

అత్త ఆయన కంచంలో ఇంకో ముద్ద వేసింది.

"నీ చేతికైతే ఇస్తానప్పా. దెబ్బలకు పారిపోయిన ఆడమనిషి మొగుడే రేపు నీ కుర్చీలో కూచుంటే?"

"మరి ఈ బిడ్డ దొరక్కపోతే?"

"ఆ పాపంలో నాకూ పాలుంటాది. లేదనను."

నాయన చేయి కడుక్కొని లేచిపోయాడు. మరుసటి ఆదివారం మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే వాదం.

కోర్టు అడిగితే మా దగ్గరున్నదంతా ఇస్తాం, మారు తాళంచెవి మాత్రం చెయ్యం అని అత్త అధికారికి చెప్పేసింది. అనుమతి రాలేదు. ఆ సంస్థ ఇంకొకరి దగ్గర కొనుక్కుంది. మాలో ఇద్దరు బెంగళూరు పోయారు. అత్త ఎవర్నీ తిట్టలేదు, ఆ అధికారిని కూడా. "ఆయప్ప పని ఆయప్ప చేసినాడు" అంది. మిగిలినవాళ్లం ఇక్కడి చిన్న ఆసుపత్రులకు పని చేసుకుంటూ నిలబడ్డాం.

నాకు ప్రోగ్రాములు రాయడం నేర్పింది ఆమే. ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినడం కూడా నేర్పాలని చూసింది. అది కొంచెమే వచ్చింది.

మట్టి వేసి అందరం కదిలాక నాయన మాత్రం అత్త సమాధి దగ్గరే ఆగిపోయాడు. మోకాలి మీద చేయి ఆనించి మెల్లగా కింద కూర్చున్నాడు. పచ్చిమట్టి వైపు వంగి, ఆమెతో వాదానికి దిగినప్పటిలాగే చేయి తిప్పుతూ, ఏదో గట్టిగా చెప్తున్నాడు. పెన్నా మీది గాలికి మాకు ఒక్క ముక్కా వినపడలేదు.