పట్టుగూళ్ల ఆవిరిలో నేర్చిన కోర్టు మాటలు

ఇంకాస్త దగ్గరకు జరిగి కూర్చోండి, ఇది గట్టిగా చెప్పే కథ కాదు. మొన్న మా చెల్లెలి చిన్నకూతురు బడిలో ఉపన్యాసం పోటీకి తయారవుతూ, కన్సెంట్ అంటే తెలుసా పెద్దమ్మా అని అడిగింది.

అప్పట్లో మదనపల్లెలో మా ఇంటి వెనక పట్టుగూళ్లు ఉడకబెట్టి దారం తీసేవాళ్లం. పురుగు గూడు కొరికి బయటికొస్తే పోగు తెగిపోతుంది గనుక, అది లోపల బతికుండగానే కాగే నీళ్లలో వెయ్యాలి. ఆ వాసన ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కుప్పంలో ఉండి లా చదివే మా ఆడబిడ్డ సెలవులకొచ్చి, పొయ్యి పక్కనే కూర్చుని ఇంగ్లీషులో ఒక తీర్పు పైకి చదివేది. ఆశ్రమంలో ఉండే, బుద్ధి కాస్త మందమైన ఒక ఆడకూతురి గర్భం తీసెయ్యమని ఒక కోర్టు అంటే, ఆమె కావాలంటున్న బిడ్డను తీయరాదని ఢిల్లీ పెద్దకోర్టు చెప్పిందట. నాలుగో తరగతితో బడి మానిన నేను రాట్నం తిప్పుతూ ఆమె వెనకే పలికేదాన్ని: కన్సెంట్ అంటే సమ్మతి, గార్డియన్ అంటే సంరక్షకుడు, లిబర్టీ అంటే స్వేచ్ఛ. కడుపు తీయడానికి మొగుడి సంతకం ఉంటే చాలనే కదా మనమంతా నమ్మింది. అది ఆస్పత్రుల అలవాటే గాని చట్టం కాదు వదినా, కావలసింది ఆడదాని సమ్మతే అని ఆమె చెబితే నోరు తెరుచుకుని విన్నాను.

ఆ రోజుల్లోనే పుంగనూరులో ఇచ్చిన చెల్లెలు, కడుపుతో, వీపంతా బెల్టు వాతలతో బస్సు దిగింది. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడోదీ ఆడపిల్లేనని స్కానింగులో ఎవరో గుట్టుగా చెప్పారట. తీయించుకోనన్నందుకు అత్త చేతులు పట్టుకుంటే మొగుడు కొట్టాడట. నాలుగైదు రోజులు నా పక్కన కూర్చుని అదీ ఆ మాటలే వల్లె వేసింది.

ఒక ఉదయం తల్లీకొడుకులు ఆటోలో దిగారు. అతను దాని జుట్టు చేతికి చుట్టుకుని గడప దాకా ఈడ్చాడు.

"యాల అడ్డమొస్తావు వదినా? నా పెండ్లాము, నా కడుపు. ఆస్పత్రిలో సంతకం పెట్టేసి వచ్చినా."

"కడుపు నీదైతే నువ్వే మొయ్యప్పా," అన్నాను.

"గూళ్లు ఉడకేసేదానికి నోరు సూడు," అంది వాళ్లమ్మ.

అతను దాని డొక్కలో తన్నాడు. అది కడుపును చేతులతో కప్పుకుని ముడుచుకుంది. వెనక పొయ్యి దగ్గరికి ఉరికి, గరిటెడు కాగే నీళ్లు తెచ్చి అతని కాళ్ల మీద పోశాను. అతను కేకపెట్టి, దాని ఎడమ చెవి మీద గూబ పగిలేలా కొట్టాడు. అప్పుడది నోట్లోని రక్తం ఉమ్మి, వీధంతా వినబడేలా అంది: "నా కన్సెంట్ లేదు. నాకు గార్డియన్ ఎవురూ లేరు, నేనే."

ఆటోవాడు, అప్పుడే వీధిలోకి పరుగెత్తుకొచ్చిన మా ఆడబిడ్డ వైపు చూశాడు. పోలీసులకు నీ బండి నంబరే ముందు చెబుతాను అందామె. "నాకెందుకమ్మా ఈ కోర్టు యవ్వారం," అని వాడు ఖాళీ బండి తోలుకుపోయాడు. వీధి గుమిగూడింది. తల్లీకొడుకులు నడిచే పోయారు.

ఇప్పుడు ఇళ్లల్లో గూళ్లు ఉడికించేవాళ్లు లేరు, మా పొయ్యి చోట తులసి పెట్టాము. ఆ రోజు కడుపులో ఉన్న పిల్లే మొన్న నన్ను అర్థం అడిగింది. ఉపన్యాసం తల్లికి వినిపించాలని, అలవాటు కొద్దీ కుడిపక్కకు వెళ్లి కూర్చుంది. మా చెల్లెలికి ఎడమ చెవి ఆనాటి నుంచి వినబడదు.

మీ ఇంటి ఆడపిల్ల నాకొద్దు అంటే ఒక్కసారికే వినే చెవులుండాలి, మీ గడప మీద నీళ్లూ ముగ్గే తప్ప రక్తం పడకూడదు. పిల్లాజెల్లాతో చల్లగా ఉండండి తల్లీ.