అరమీసం

ఆ వీధిలో ఆయన్ని అందరూ అరమీసం మాస్టారు అంటారు. ఆయనకు మీసమే లేదు. ఆ పేరు ఆయన చేసే పని వల్ల వచ్చింది. రెండు అద్దాలు, ఒక కుర్చీ, ఒక బెంచీ ఉన్న కటింగ్ షాపు ఆయనది. వెనకాలే కాపురం, మధ్యలో ఓ కర్టెన్. గెడ్డం గీయించుకోవడానికి వచ్చినవాడి మీదికి వంగినప్పుడు మందు వాసన తగిలితే, "బండి మీదే వచ్చావా?" అని ముద్దుగా అడుగుతాడు. అవునన్నాడో, కుడివైపు మీసం నున్నగా గీసేసి, కత్తి కడిగి సొరుగులో పెట్టేస్తాడు. మిగతా సగం మత్తు దిగాకే. మీసమే లేనివాడయితే ఒక చెవి మీద జుట్టు ఎగిరిపోతుంది.

అరమీసంతో వీధిలోకి వెళ్లడానికి ఎవరికి మొహం చెల్లుతుంది? బెంచీ మీద కూలబడి, పాత వారపత్రికలు తిరగేస్తూ, ఆయన్ని లోలోపల తిట్టిపోస్తూ మత్తు దించుకుంటారు. ఓ ఆదివారం అలాంటివాళ్లు ముగ్గురు వరసగా కూర్చుని ఉంటే, అప్పుడే వచ్చిన ఓ పెద్దాయన ఇదేదో కొత్త ఫ్యాషన్ కాబోలనుకుని తనకూ అలాగే చేయమన్నాడు.

ఇదంతా సరదాకి మొదలైంది కాదు. ఆరేళ్ల కిందట మాస్టారి ఒక్కగానొక్క కూతురు సైకిలు మీద వస్తుంటే తాగినవాడెవడో కారుతో గుద్ది చంపేశాడు. ఇరవై ఏళ్లకు రెండు నెలలు తక్కువ. తండ్రి చేసిన ప్రతి కటింగుకూ వంకలు పెట్టే పిల్ల. ఆ వంకలు పెట్టేవాళ్లు లేక షాపు బోసిపోయింది.

ఆయన భార్య ఏడ్చినన్నాళ్లు ఏడ్చి, తర్వాత కొంగు దోపుకుని బయల్దేరింది. కాలేజీలు, డ్రైవింగ్ స్కూళ్లు, పిలిచినా పిలవకపోయినా వెళ్లి, తాగి బండి నడిపితే ఏమవుతుందో చెప్పి వస్తుంది. మొదట్లో భర్తనూ వెంట తీసుకెళ్లింది. మూడొందల మంది కుర్రకారు ముందు చేతికి మైకిస్తే, ఆయన గుటకలు మింగి, చెమటలు కక్కి, చివరికి అలవాటు కొద్దీ "తర్వాత ఎవరు?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఇంటికొచ్చాక ఆమె కూడా, కూతురు పోయాక మొదటిసారి, కడుపుబ్బ నవ్వింది. మళ్లీ ఆయన్ని స్టేజీ ఎక్కించలేదు.

ఒక్క సంగతి మాత్రం ఆయన ఆమెకు చెప్పలేదు. ఆ కారువాడు ఆ పొద్దున తన కుర్చీలోనే కూర్చున్నాడు. వాసన గుప్పుమంది. మనకెందుకొచ్చిన గొడవలే అనుకుని, గెడ్డం గీసి, పౌడరు అద్ది, తలుపు తీసి మరీ సాగనంపాడు. తర్వాత పావుగంటకే కబురు వచ్చింది. ఈ ముక్క తెలిస్తే భార్య తన మొహం చూడదని ఆయన భయం.

మొన్న మధ్యాహ్నం మూడింటికి స్కూలు వ్యాను డ్రైవరు వచ్చాడు. నిమ్మకాయ నిలబెట్టగల మీసం అతనిది. పన్నెండేళ్లుగా పెంచుతున్నాడు. నాలుగింటికి పద్నాలుగు మంది పిల్లల్ని ఇళ్లకు చేర్చాలి. మాస్టారు వంగాడు, వాసన చూశాడు, కుడివైపు తీసేశాడు. అద్దంలో చూసుకుని డ్రైవరు లబోదిబోమన్నాడు. తర్వాత మొండికేసి, తువ్వాలు మూతికి చుట్టుకుని, తాళాలు పట్టుకుని లేచాడు. ఆరేళ్లలో ఇంత చిన్న ఉపాయం ఎవరికీ తట్టలేదు. మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"రెండు పెగ్గులకే ఏమైపోతుందన్నా? పదేళ్లుగా నడుపుతున్నాను, బండికి ఒక్క గీత పడలేదు. తప్పుకో."

కర్టెన్ వెనక గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆమె వింటోంది. చెప్పకపోతే వీడు వెళ్లిపోతాడు. చెబితే ఆమె వెళ్లిపోతుందేమో.

"మా అమ్మాయిని గుద్దినవాడు ఆ పొద్దున ఇదే కుర్చీలో కూర్చున్నాడు తమ్ముడూ," అన్నాడు మాస్టారు. "వాసన వచ్చింది. నేనేం మాట్లాడలేదు. ఈ తలుపు నేనే తీసి పంపించాను. ఇవాళ మళ్లీ తియ్యలేను. కావాలంటే నన్ను కొట్టి వెళ్లు."

డ్రైవరు తువ్వాలు విప్పి, తాళాలు దువ్వెనల పక్కన పెట్టి, బెంచీ మీద కూలబడ్డాడు. స్కూలుకు ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదని అనబోయి, మాస్టారి వంక చూసి, తాగానని నిజమే చెప్పేశాడు. పిల్లల కోసం వేరే మనిషిని చూసుకోమన్నాడు.

మాస్టారికి కర్టెన్ వైపు తిరిగే ధైర్యం లేకపోయింది. ఆమే వచ్చింది. డ్రైవరు చేతిలో టీ గ్లాసు పెట్టి, "నాకు తెలుసు," అంది భర్తతో.

తెలిసీ ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదన్నాడు ఆయన.

"అడిగితే మీరు నన్నూ అడుగుతారని. ఆ పొద్దున మీరు నీళ్లు పట్టడానికి లోపలికి వచ్చినప్పుడు వాడికి టీ ఇచ్చింది నేనేనండీ. వాసన నాకూ వచ్చింది."

ఇద్దరూ ఆ బెంచీ మీదే, డ్రైవరుకు చెరో పక్కన కూర్చుని, వెక్కి వెక్కి ఏడ్చారు. పాపం, వాడు తాగాలో వద్దో తెలియక ఆ టీ అలాగే పట్టుకుని కూర్చున్నాడు.