నూనె తలలూ, నా పరిశోధనా

పరిశోధనలో చేరిన కొత్తలో, మన పేపరు ఒక్కటి అచ్చయితే చాలు, లోకంలోని మెదడు శాస్త్రవేత్తలందరూ చేస్తున్న పని ఆపేసి దాన్నే చదువుతారని గట్టిగా నమ్మేదాన్ని. చదివినవాళ్లు తమ పేపర్లలో మన పనిని ప్రస్తావిస్తారు, ఆ ప్రస్తావనలు చూసి మనకి ఉద్యోగమిస్తారు. (ఈ మాట నాకు చెప్పిన మా గైడుగారిని ఇప్పటికీ క్షమించలేదు.) పొలం పనులు చేసే ఆడవాళ్ల జ్ఞాపకశక్తి నా విషయం. తలకి తీగలు అంటించి మెదడులో పుట్టే సన్నటి విద్యుత్తును పట్టే యంత్రాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని, నరసన్నపేట దగ్గర మా మేనత్త ఊరికి మోసుకెళ్లాను. మనుషుల్ని పోగుచేసే పూచీ అత్తది.

పోగుచేసింది. మర్నాడు పొద్దున్నే వాకిలి నిండా జనం, అందరి తలలూ నిగనిగ! తలకి నూనె ఉంటే తీగలు సరిగా అంటుకోవు. అంటుకోకపోతే తెరమీద పిచ్చిగీతలు తప్ప ఇంకేమీ రావు. "తలస్నానం చేసి రమ్మని చెప్పాను కదా అత్తా!" అన్నాను ఏడుపు గొంతుతో. "సేసే వచ్చినారే! తలంటుకున్నాక నూని రాసుకోకండా ఇంకోరింటికి ఎలగొస్తారే? సావింటికెల్తన్నారేటి?" అని అత్త నామీదే విరుచుకుపడింది. పైగా తలకి ఫోటో తీస్తారని పుకారొకటి (పుట్టించింది అత్తే). అందుకని రోజూ కంటే ఎక్కువే పట్టించి, కనకాంబరాలు కూడా ముడుచుకొచ్చారు. ఇంకోసారి తలంటుకోమంటే ఒక ముసలమ్మ లేచి, "మా బుర్రలు సూడ్డానికొచ్చినావా, మా నూని కడగడానికొచ్చినావా?" అని నిలదీసింది. గతిలేక ఒక్కొక్కరి జుట్టూ పాయలు తీసి, దూదీ స్పిరిట్టూ పట్టుకుని నేనే తుడిచాను. తిరిగొచ్చాక జ్ఞాపకశక్తి మీద పెద్ద పేపరు రాశాను. అప్పటికీ కడుపుమంట చల్లారక, నూనె తలలకి తీగలు ఎలా అంటించాలో వివరిస్తూ ఇంకో చిన్న పేపరు కూడా రాసి పడేశాను.

ఆ తర్వాత లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అది రాకపోతే చదువు మానేసి ఇంటికెళ్లడమే నా గతి. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, "మీ పనిని చాలామంది ప్రస్తావించారమ్మా!" అన్నారు. పొంగిపోయి జ్ఞాపకశక్తి గురించి అందుకున్నాను. "అది కాదు. దాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. నూనె సంగతి చెప్పండి." ఒళ్లు మండిపోయింది. ఏళ్ల తరబడి కంటిమీద కునుకు లేకుండా చేసిన పని వదిలేసి నూనె సంగతి అడుగుతారా? "అదీ ఒక పరిశోధనేనా అండీ? కోపంలో రాసింది!" అనేశాను. "మీకు ఇంకాస్త తరచుగా కోపం రావాల్సిందమ్మా" అన్నారాయన. అందరూ నవ్వారు. ఉద్యోగం ఇచ్చారు. నాకు కాదు, నూనెకి!

సంగతి ఫోన్లో చెబితే అత్తకి నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. "అయితే అందల నా పేరేదే?" "చివర్లో కృతజ్ఞతలు చెప్పాను అత్తా." "కృతజ్ఞతలెవులిక్కావాల! ఆలు నూని రాసుకోకండా వస్తే నీకు ఉజ్జోగం వచ్చునేటి?" ఫోన్ పెట్టేసింది. చాన్నాళ్లు మాట్లాడలేదు.

మొన్నీమధ్య నా జ్ఞాపకశక్తి పేపరును ఎవరో ప్రస్తావించారని మెయిల్ వచ్చింది. ఇన్నేళ్లకి! చేస్తున్న పని ఆపేసి తెరిచాను. తలకి నూనె రాసుకునేవాళ్లతో కూడా ఇలాంటి పరిశోధన చెయ్యొచ్చని ఈ పేపరు నిరూపించిందట. జ్ఞాపకశక్తి ఊసే లేదు. బల్లమీద ఫెడీమని చరిస్తే పక్కగదిలోంచి నా విద్యార్థులు పరిగెత్తుకొచ్చారు. వాళ్లకి సంగతంతా చెబుతుంటే నాకే నవ్వొచ్చింది. లోకమంతా తన పేపరే చదువుతుందని నమ్మిన ఆ వెర్రిపిల్ల, పాపం, ఇంకా నాలోనే ఉంది. ఆ మెయిల్ మాత్రం చెరిపెయ్యలేదు. ఎంతైనా ప్రస్తావన ప్రస్తావనే కదా!